టోకెను వెనక్కిచ్చేటప్పుడు

ఆదోనికి బొమ్మల సినిమా వచ్చింది.
ఎగిరే మనిషి సినిమా.
నేను సూడలేదు.
సైకిల్ స్టాండు ఇడిచిపెట్టి పోతే
హ్యాండిళ్ళకు ఏలాడే సంచుల్ని ఎవరు కాయాల?

గోడకవతల వాడు ఎగురుతాంటే
ఇవతల నాకు పైరేకులు అదిరేది తెలుస్తాది, అంతే.
మిగతా సినిమా
టోకెను వెనక్కిచ్చేటప్పుడు జనం నోట్లోంచి రాలుతాది.
ఏరుకుంటా.

మ్యాట్నీ ఇడిచినారు.
మార్కెట్ యార్డు హమాలీ ఉరుకుందు
తువ్వాల దులుపుకుంటా వచ్చినాడు:
"ఏడంతస్తుల మేడ ఎత్తినాడన్నా, ఒంటిచేత్తో.
ఎత్తనీ, నాకేం.
దించినాక నడుం పట్టుకోల్యా సూడు,
ఆడ నాకు నమ్మకం పోయింది.
పత్తి బోరెం మోసినోడెవడూ అట్లా నిటారుగా నిలబడడు.
ఆ బొమ్మ గీసినోడు
పుట్టి ఏదీ మోసినట్టు లేదు."

వాని ఎనకాలే జిలానీ. దర్జీ.
జిలానీకి మేడతో పనిలేదు.
"ఆ ఎర్రగుడ్డ, గిడ్డన్నా,
భుజాల కాడ అతికిన కుట్టు యాడుండాది?
రెండు గంటలు ఎతికినా. దొరకల్యా.
కానీ ఏం జారుడు! ఏం మడత!
అంత గాలికీ అంచు పీలికలు కాలేదు.
ఆ తాను యాడ అమ్ముతారో తెలిస్తే
మా ఇంటామెకు రంజానుకు కుట్టిస్తా."

డ్రాయింగు మాస్టరు విరూపాక్షి
స్కూటరు తన్నుతా తన్నుతా:
"నాలుగే వేళ్ళు గీసినారయ్యా. నాలుగే!
సోమరితనం కాకపోతే ఏంది?"
స్కూటరు కదలల్యా.
ఇంకోసారి తన్ని, ఆగి,
"మబ్బులు మాత్రం బాగా గీసినారు" అన్నాడు,
ఎవరికో పాతబాకీ తీరుస్తున్నట్టు.

గేటు కాడ శనక్కాయలమ్మే హుసేనమ్మ
పోట్లాటలేవీ పట్టించుకోల్యా.
"ఆ దుర్మార్గుడు ఉండాడే,
సినిమా మొత్తంలో వానికి
ఒక్కరన్నా ఇంత సంగటి పెట్టినారా?
కడుపు మాడితే ఎవుడన్నా ఊరు తగలబెడతాడు."

పిల్లోల్లు ఇద్దరు
ఇంటర్వెల్ ముందర బాగుందని ఒకడు,
ఎనక బాగుందని ఒకడు,
ఒకే బండి మీద వచ్చినోల్లు
చెరో దిక్కు నడిచిపోయినారు.
బండి రాత్రంతా నా కాడే ఉండింది.

ఇన్ని నోర్లు, ఇన్ని మాటలు.
ఒక్కటే అంతుపట్టలేదు.
ప్రతి ఆటకూ, అదే వేళకు,
హాల్లోంచి ఒక శబ్దం వచ్చేది.
ఈల కాదు. చప్పట్లు కాదు.
బాల్కనీ, నేల, అందరూ కలిసి:
"అయ్యో..."

అడిగితే ఉరుకుందు గొంతు తగ్గించినాడు.
"కొట్లాటలో నీళ్ళ ట్యాంకు పగిలిపోతాదన్నా.
ఊరి ట్యాంకు.
నీళ్ళన్నీ రోడ్డు పాలు.
ఆ సినిమాలో ఒక్క నాబట్ట కూడా దానికల్లా సూడడు."
మా వీధి కొళాయి వచ్చి ఆ పొద్దుకు ఆరోరోజు.

ఐదో తరగతి ముంతాజు మాత్రం
నా కాడ నిలబడి తల అడ్డంగా ఊపింది.
"హీరో వాడు కాదు తాతా, వాని చెల్లెలు.
దానికి ఎగరడం రాదు.
రాకపోయినా మేడ మీదినుంచి దూకాలనుకుంటాది."
"దూకితే?"
"నువ్వే సూసుకో పో."

మిగతావోల్లెవరూ ఆ చెల్లెలి మాటే ఎత్తలేదు.
ఒకడు కుట్టు సూసినాడు, ఒకడు నడుం,
ఆ పిల్లను ఎవరూ సూడలేదు.

ఆఖరి రోజు, రెండో ఆట.
స్టాండు హుసేనమ్మకు అప్పజెప్పి లోపలికి పోయినా.
చీకట్లో గోడకు ఆనుకొని నిలబడితే
ట్యాంకు పగిలింది.
నా నోట్లోంచి కూడా అదే మాట వచ్చింది,
నన్ను అడక్కుండానే.

తర్వాత ఆ పిల్ల.
మేడ అంచున. చెప్పులిడిచింది.
ఒక కాలు గాలిలో పెట్టింది.

"గిడ్డన్నా! నా బండి!"

జిన్నింగు మిల్లు రాత్రి షిఫ్టోడు.
టోకెను నలభై మూడు.
పాత హీరో సైకిలు,
ఎనక చక్రంలో గాలి లేదు.
తాళం తీసిస్తా అడిగినా:
"దూకిందా?"

"ఎవరు?" అన్నాడు.